స్వామి పేరున్న ప్రయోగశాల

మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సంచికకు సైన్సు మీద ఏదైనా రాయమని కమిటీ మిత్రులు అడిగారు. పిల్లలకు పనికొచ్చేదిగా ఉండాలి, పెద్దలు కూడా చదివేదిగా ఉండాలి అన్నారు. నేను ఇంజనీరును. దాదాపు ముప్పై ఏళ్ళుగా వాక్యూమ్ పంపులు, వాక్యూమ్ ఛాంబర్ల మధ్య పనిచేస్తున్నవాణ్ణి. అందుకే వాక్యూమ్ మీద ఒక పెద్ద గ్రంథం రాసిన తెలుగువాడి జీవితం ఎంచుకున్నాను. ఆయన పేరు స్వామి జ్ఞానానంద.

తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో పెరిగిన మనకు స్వామి అనగానే ఒక మఠమో, ఆశ్రమమో, కొండ మీద ప్రవచనమో మనసులో మెదులుతుంది. ఈ స్వామి పేరు మాత్రం విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం వారి కేంద్రక భౌతికశాస్త్ర పరిశోధనశాలలకు ఉంది. హిమాలయాల్లో యోగసాధన చేసిన మనిషి పేరు అక్కడికి ఎలా చేరింది? ఈ వ్యాసం అంతా ఆ ప్రశ్నకు జవాబే.

గొరగనమూడి నుంచి హిమాలయాలకు

ఆయన అసలు పేరు భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. నేటి పశ్చిమ గోదావరి జిల్లాలో భీమవరం దగ్గర గొరగనమూడి అనే పల్లెలో 1896 డిసెంబరు 5న పుట్టారు. నరసాపురంలోని టేలర్ హైస్కూల్లో చదువుకున్నారు. ఆ రోజుల్లో హైస్కూలు చదువు పూర్తిచేసిన పల్లెటూరి కుర్రవాడు ముందు గుమాస్తా ఉద్యోగమో, ప్లీడరు చదువో, ఉన్న పొలం చూసుకోవడమో ఉండేవి. ఈయనకు ఆ మూడింటి మీదా మనసు పోలేదు. వేదాంతం మీద మక్కువ, సత్యం ఏమిటో తానే తేల్చుకోవాలన్న పట్టుదల ఆయన్ను ఇల్లు విడిపించాయి. హిమాలయాలకు వెళ్ళి సుమారు పదేళ్ళు యోగసాధనలో గడిపారు. జ్ఞానానంద అన్న పేరు సన్యాసంతో వచ్చింది.

ఆ పదేళ్ళ గురించి నేను ఎక్కువ రాయను. సాధన లోపలి విషయం, బయట నిలబడి కొలిచేది కాదు. మన కథకు కావలసింది ఒక్కటే. ముప్పై ఏళ్ళు వచ్చేనాటికి ఆయన చేతిలో కాలేజీ డిగ్రీ లేదు, ప్రయోగశాల అనుభవం లేదు. ఉన్నదల్లా చాలాకాలం ఒకే చోట, ఒకే పని మీద కూర్చోగలిగే అలవాటు.

ముప్పై దాటాక మొదలైన ఫిజిక్స్

1927లో ఆయన జర్మనీ వెళ్ళారు. వెళ్ళింది ఫిజిక్స్ చదవడానికి కాదు. యోగం గురించి, భారతీయ తత్వం గురించి అక్కడివారికి ఉపన్యాసాలు ఇవ్వడానికి. అప్పటి జర్మనీ సంగతి ఒకసారి గుర్తు చేసుకోవాలి. క్వాంటం సిద్ధాంతం అప్పుడే కొత్త రూపం దిద్దుకుంటోంది. హైజెన్‌బర్గ్ అనిశ్చితత్వ సూత్రం ప్రకటించింది సరిగ్గా ఆ 1927లోనే. ఐన్‌స్టీన్ బెర్లిన్‌లో ఉన్నారు. పదార్థం అంటే ఏమిటి, కాలం అంటే ఏమిటి అని మన వేదాంతులు అడిగే ప్రశ్నలనే అక్కడివాళ్ళు లెక్కలతో, పరికరాలతో అడుగుతున్నారు.

సాపేక్ష సిద్ధాంతం ఆయన్ను ఆకర్షించింది. ఇక్కడ చాలామంది ఒక తేలిక దారి పడతారు. ఇదంతా మా గ్రంథాల్లో ముందే ఉంది అని ఒక ఉపన్యాసం ఇచ్చేసి ఊరుకుంటారు. చప్పట్లు కూడా బాగానే పడతాయి. జ్ఞానానంద ఆ దారి పట్టలేదు. డ్రెస్డెన్‌లో విద్యార్థిగా కూర్చుని గణితం, భౌతికశాస్త్రం మొదటినుంచి చదువుకున్నారు. పదేళ్ళు చిన్నవాళ్ళైన కుర్రవాళ్ళ పక్కన బెంచీ మీద, పరాయి భాషలో. వేదిక మీద గురువుగా నిలబడ్డ మనిషి కింద విద్యార్థిగా కూర్చోవడం ఎంత కష్టమో ఉద్యోగం మధ్యలో కొత్త చదువు మొదలుపెట్టినవాళ్ళకు తెలుస్తుంది. ఆయన జీవితంలో నాకు అన్నిటికంటే పెద్దదిగా కనబడే నిర్ణయం ఇదే.

డ్రెస్డెన్ నుంచి ఆయన చెకోస్లొవాకియా రాజధాని ప్రేగ్ చేరారు. అక్కడి చార్లెస్ విశ్వవిద్యాలయంలో ఎక్స్-కిరణాల వర్ణపటాల మీద పరిశోధన చేశారు. సూర్యకాంతిని పట్టకంతో రంగులుగా విడదీసినట్టే ఎక్స్-కిరణాలను స్ఫటికంతో విడదీయవచ్చు. ఒక్కో మూలకం తనకే ప్రత్యేకమైన గీతలు ఇస్తుంది. పక్కపక్కనే ఉన్న రెండు గీతలను కలిసిపోకుండా విడిగా చూడగలగడం అందులో అసలు నేర్పు. ఈ పనికి 1936లో ఆయనకు డి.ఎస్‌సి. పట్టా వచ్చింది. అప్పటికి ఆయన వయసు నలభై.

ఆ తరువాత ప్రేగ్‌కు ఏం జరిగిందో చరిత్ర పుస్తకాల్లో ఉంది. 1939 మార్చిలో హిట్లర్ సైన్యం నగరంలోకి దిగింది. అదే ఏడాది నవంబరులో చెక్ విశ్వవిద్యాలయాలన్నీ మూసేశారు. ఆయన డిగ్రీ తీసుకున్న మూడేళ్ళకే ఆ తలుపులకు తాళం పడింది.

లివర్‌పూల్‌లో ఎలక్ట్రాన్ల లెక్క

ప్రేగ్ తరువాత ఇంగ్లండు. లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో సర్ జేమ్స్ చాడ్విక్ దగ్గర చేరారు. 1932లో న్యూట్రాన్‌ను కనుగొని, 1935లో నోబెల్ బహుమతి అందుకున్న చాడ్విక్ ఆయనే. కేంబ్రిడ్జి వదిలి లివర్‌పూల్ వచ్చి, అక్కడ సైక్లోట్రాన్ కట్టిస్తున్న రోజులవి. జ్ఞానానంద ఇక్కడ ఎక్స్-కిరణాల నుంచి పరమాణు కేంద్రకం వైపు తిరిగారు. బీటా కిరణాల స్పెక్ట్రోమీటర్ మీద పనిచేసి పీహెచ్‌డీ పొందారు.

బీటా కిరణాలంటే మరేమీ కాదు, రేడియోధార్మిక కేంద్రకాల నుంచి వేగంగా బయటికి దూసుకొచ్చే ఎలక్ట్రాన్లు. ఏ ఎలక్ట్రాన్ ఎంత శక్తితో వచ్చిందో కొలవగలిగితే ఆ కేంద్రకం లోపల ఏం జరిగిందో ఊహించవచ్చు. కొలవడానికి దారి అయస్కాంతం. అయస్కాంత క్షేత్రంలో ఎలక్ట్రాన్ వంపు తిరుగుతుంది. శక్తి తక్కువైతే చిన్న వలయం, ఎక్కువైతే పెద్ద వలయం. ఉదాహరణకు పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉన్న ఎలక్ట్రాన్‌ను 10 సెంటీమీటర్ల వ్యాసార్థంలో తిప్పాలంటే సుమారు 470 గాస్‌ల క్షేత్రం కావాలి. అర్ధవలయం తిరిగేసరికి ఒకే శక్తి ఉన్న ఎలక్ట్రాన్లు ఒకే చోటికి చేరుకుంటాయి. అక్కడ ఒక చీలిక పెట్టి లెక్కపెట్టాలి. క్షేత్రం కొంచెం మార్చి మళ్ళీ లెక్కపెట్టాలి. ఇలా రోజులు, నెలలు.

చెప్పడానికి సులువుగానే ఉంది. చేయడంలో రెండు అడ్డంకులు ఉన్నాయి.

మొదటిది గాలి. 50 వేల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉన్న ఎలక్ట్రాన్ మామూలు గాలిలో నాలుగు సెంటీమీటర్లు పోయేసరికి అలిసి ఆగిపోతుంది. ఆ నాలుగు సెంటీమీటర్లు కూడా తిన్నగా పోదు, రద్దీ బజారులో పోయే మనిషిలా అటూ ఇటూ తగులుతూ పోతుంది. దాని వంపు కొలవాలంటే ముందు దారిలో గాలి లేకుండా చేయాలి.

రెండోది ఘనపదార్థం. రేడియోధార్మిక పదార్థాన్ని ఏదో ఒక రేకు మీద పూతగా పెట్టాలి కదా. ఆ పూత మందంగా ఉంటే ఎలక్ట్రాన్లు అందులోనే తగిలి శక్తి పోగొట్టుకుని బయటికొస్తాయి. వెనకనున్న రేకు మందంగా ఉంటే దాన్ని తాకి తిరిగి ఎగిరొస్తాయి. అప్పుడు మనం కొలిచేది కేంద్రకం చెప్పిన మాట కాదు, రేకు కలిపిన మాట. అందుకని పూత వీలైనంత పలచగా, రేకు వీలైనంత సన్నగా ఉండాలి. కానీ పూత పలచబడితే వచ్చే ఎలక్ట్రాన్ల సంఖ్య తగ్గి, లెక్కకు ఎక్కువకాలం పడుతుంది. బీటా స్పెక్ట్రోమీటర్ కట్టే ప్రతివారూ ఈ బేరం ఆడక తప్పదు.

యుద్ధకాలంలో ఆయన అట్లాంటిక్ దాటి అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. ఆన్ ఆర్బర్‌లో సైక్లోట్రాన్ ఉండేది. రేడియోధార్మిక ఐసోటోపుల కిరణాలను కొలిచే పనిని అక్కడ కొనసాగించారు.

శూన్యం మీద ఒక పుస్తకం

నా వృత్తి ద్వారా ఆయనతో నాకు చుట్టరికం కలిసేది ఇక్కడే. 1947లో న్యూయార్కుకు చెందిన వాన్ నోస్ట్రాండ్ సంస్థ ‘హై వాక్యువా’ అనే ఇంగ్లీషు పుస్తకం ప్రచురించింది. శూన్యం సూత్రాలేమిటి, దాన్ని ఎలా తెప్పించాలి, ఎంత వచ్చిందో ఎలా కొలవాలి అన్నవి అందులో విషయాలు. అట్ట మీద రచయిత పేరు స్వామి జ్ఞానానంద. పంపులు, గేజీలు, గాజు గొట్టాల మీద రాసిన సాంకేతిక గ్రంథానికి ఒక స్వామి రచయిత కావడం చూసి అక్కడి పాఠకులు ఏమనుకున్నారో గానీ, ఆయన తన పేరు దాచుకోలేదు, మార్చుకోలేదు.

శూన్యం తెప్పించడమంటే ఏమిటో పిల్లల కోసం కాస్త వివరిస్తాను. మన చుట్టూ ఉన్న గాలిలో ఒక అణువు ఇంకో అణువును గుద్దుకోకుండా పోగలిగే దూరం సగటున మిల్లీమీటరులో పదిహేను వేలవ వంతు. గాలి పీడనం 760 మిల్లీమీటర్ల పాదరసం. దాన్ని ఒక మిల్లీమీటరులో పది లక్షలవ వంతుకు దించితే అదే అణువు సగటున 50 మీటర్లు ఏ అడ్డూ లేకుండా పోతుంది. అంటే మన పాత్ర పొడవు కంటే ఎన్నో రెట్లు. అప్పుడు ఎలక్ట్రాన్‌కు దారి ఖాళీ అయినట్టు.

ఒక్క పంపు ఆ పని చేయలేదు. ముందు మోటారుతో తిరిగే పంపు గాలిలో ఎక్కువ భాగాన్ని లాగేస్తుంది. అది చేతులెత్తేసిన చోట డిఫ్యూజన్ పంపు అందుకుంటుంది. కింద పాదరసాన్నో, ప్రత్యేకమైన నూనెనో కాచి, ఆ ఆవిరిని పైనుంచి కిందికి వేగంగా చిమ్మిస్తే, దారి తప్పి అందులో పడ్డ గాలి అణువులను ఆ ఆవిరి కిందికి తోసుకుపోతుంది. తోసిన వాటిని మొదటి పంపు బయట పారేస్తుంది. ఆవిరి వెనక్కి పాత్రలోకి పోకుండా మధ్యలో ద్రవ వాయువుతో చల్లబరిచిన ఉచ్చు ఒకటి ఉండాలి. ఎంత శూన్యం వచ్చిందో చూడటానికి మెక్‌లియోడ్ గేజి అని పాదరసంతో నింపిన గాజు పరికరం ఉండేది. ఈనాటి పిల్లలకు డిజిటల్ తెర మీద అంకె కనబడుతుంది. ఆ రోజుల్లో ప్రతి కొలతకూ పాదరసం ఎత్తి దించాలి.

ఇంత చేసినా అంకె దిగదు. ఎక్కడో ఒక కీలు దగ్గర వెంట్రుక కంటే సన్నని కంత ఉంటుంది. కంత లేకపోతే లోపలి గోడలకు పట్టిన తేమ మెల్లగా ఆవిరవుతూ ఉంటుంది. పాత్ర లోపల ఒక వేలిముద్ర పడినా అందులోని జిడ్డు గంటల తరబడి గాలి వదులుతూనే ఉంటుంది. మా వృత్తిలో లీకు వెతకడమంటే కోపం తెచ్చుకోకుండా, అనుమానం వదలకుండా, ఒక్కో కీలూ వరసగా చూసుకుంటూ పోవడం. ఇప్పుడు హీలియం లీక్ డిటెక్టర్లు ఉన్నాయి. అవి లేని రోజుల్లో, గాజూ మైనమూ పాదరసంతో స్పెక్ట్రోమీటర్లు నడిపిన మనిషి, ఆ విద్యనంతా కూర్చి పుస్తకంగా పెట్టాడంటే దాని వెనక ఎన్ని రాత్రుళ్ళు ఉంటాయో నాకు అర్థమవుతుంది.

యోగసాధన వల్లనే ఆయనకు ఫిజిక్స్ వచ్చిందని నేను అనను. ఆ మాటకు రుజువు లేదు. ఫిజిక్స్ ఆయన బెంచీ మీద కూర్చుని, పరీక్షలు రాసి నేర్చుకున్నారు. కానీ గేజి ముందు రాత్రంతా కూర్చోగల ఓర్పు ఆయనకు కొత్తగా నేర్చుకోవలసిన విషయం అయి ఉండదని మాత్రం అనుకుంటాను.

వాల్తేరు

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో ఆయన తిరిగొచ్చారు. ఢిల్లీలో కొత్తగా ఏర్పడుతున్న నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో పనిచేశారు. ఆ తరువాత 1954లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. అప్పటి వైస్ ఛాన్సలర్ వాసిరెడ్డి శ్రీకృష్ణ గారు.

ఇక్కడ మన జిల్లావాళ్ళు ఒక మాట గుర్తు పెట్టుకోవాలి. వాల్తేరు కొండ మీద సైన్సుకు నేల చదును చేసింది చిత్తూరు పక్కన కట్టమంచిలో పుట్టిన రామలింగారెడ్డి గారు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ ఛాన్సలర్ ఆయనే. మళ్ళీ 1936 నుంచి 1949 వరకు ఆయనే. కొత్త విశ్వవిద్యాలయానికి సమర్థులైన యువకులను ఏరి తెచ్చి ఆచార్యులుగా నిలబెట్టడం ఆయనకు తెలిసిన విద్య. సూరి భగవంతం, కొచ్చర్లకోట రంగధామరావు వంటి భౌతిక శాస్త్రవేత్తలు ఆ విశ్వవిద్యాలయానికి పేరు తెచ్చారు. సి.ఆర్. రెడ్డి గారు 1951లో కాలం చేశారు. జ్ఞానానంద వచ్చేనాటికి ఆయన లేరు. కానీ కేంద్రక భౌతికశాస్త్రం మొలకెత్తడానికి నేల అప్పటికే సిద్ధంగా ఉంది. మన తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం మొదలైంది కూడా సరిగ్గా ఆ 1954లోనే.

జ్ఞానానంద చేతుల మీదుగా కేంద్రక భౌతికశాస్త్రం 1956లో ప్రత్యేక శాఖ అయింది. అప్పటికి ఆయనకు అరవై ఏళ్ళు నిండబోతున్నాయి. సాధారణంగా పదవీ విరమణ సన్మానం జరిగే వయసులో ఆయన కొత్త శాఖకు ఓనమాలు దిద్దించారు.

కేంద్రక పరిశోధన అనగానే పెద్ద యంత్రాలు, కోట్ల ఖర్చు గుర్తొస్తాయి. బీటా స్పెక్ట్రోమీటర్‌కు ఉన్న సుగుణం ఏమిటంటే దానికి సైక్లోట్రాన్ అక్కర్లేదు. రేడియోధార్మిక మూలం ఒకటి, మంచి అయస్కాంతం, మంచి శూన్యం, ఓపికగా లెక్కపెట్టే మనుషులు ఉంటే చాలు. పెద్ద డబ్బు లేని విశ్వవిద్యాలయం కూడా ప్రపంచానికి పనికొచ్చే కొలత ఇవ్వగల రంగం అది. సముద్రపు తేమ గాలిలో, విడి భాగాలు దొరకని కాలంలో, ఏ పరికరం కావాలన్నా సగం చేత్తోనే చేసుకోవలసిన రోజుల్లో ఆ ప్రయోగశాల నిలబడింది. అక్కడ చదివిన విద్యార్థులు కేంద్రక భౌతికశాస్త్రాన్ని తరవాతి తరాలకు అందించారు. స్వామి జ్ఞానానంద 1969 సెప్టెంబరు 21న తనువు చాలించారు. ఆ పరిశోధనశాలలకు తరువాత ఆయన పేరే పెట్టారు.

ఆ దారి ఎక్కడికి పోయింది

వాల్తేరులో శాఖ ప్రారంభమైన 1956వ సంవత్సరం చివరలో అమెరికాలోని వాషింగ్టన్‌లో ఒక ప్రయోగం జరిగింది. దాంట్లోనూ కథానాయకులు బీటా కిరణాలే, అంటే కేంద్రకం నుంచి వచ్చే ఎలక్ట్రాన్లే. చియెన్-షియుంగ్ వూ అనే చైనా దేశపు శాస్త్రవేత్త ఆ ప్రయోగానికి నాయకురాలు. ఆమె అడిగిన ప్రశ్న ఇది: కేంద్రకాలన్నిటినీ ఒకే దిక్కుకు తిప్పి నిలబెడితే, ఎలక్ట్రాన్లు రెండు వైపులకూ సమానంగా వస్తాయా?

కేంద్రకం కూడా ఒక చిన్న అయస్కాంతమే. తన చుట్టూ తాను తిరిగే గుణం దానికి ఉంది, దాన్ని స్పిన్ అంటారు. ఘనపదార్థంలోని కోటానుకోట్ల కేంద్రకాలు తలో దిక్కుకు చూస్తుంటాయి. గరుడసేవ నాడు మాడవీధుల్లో జనం వాహనం రానంతసేపూ తలో వైపు చూస్తుంటారు. వాహనం మలుపు తిరగగానే అందరి ముఖాలూ అటే తిరుగుతాయి. కేంద్రకాలకు బలమైన అయస్కాంత క్షేత్రమే వాహనం. అయితే వేడి అనే తోపులాట వాటిని కుదురుగా నిలబడనీయదు. అందుకే ముందు చల్లబరచాలి. వూ బృందం కోబాల్ట్-60 పూసిన స్ఫటికాన్ని కెల్విన్ మానంలో ఒక డిగ్రీలో వందో వంతు స్థాయికి చల్లబరిచింది. ఫలితం ప్రపంచాన్ని నివ్వెరపరిచింది. ఎలక్ట్రాన్లు స్పిన్‌కు ఎదురు దిక్కుగానే ఎక్కువ వచ్చాయి. ప్రకృతికి కుడి ఎడమల తేడా తెలుసునని తేలింది.

అలా కేంద్రకాలను ఒక దిక్కుకు నిలబెట్టిన ఘనపదార్థాన్ని ధ్రువణం చెందిన పదార్థం అంటారు. వూ ప్రయోగంలో ఎలక్ట్రాన్ అందులోంచి బయటికొచ్చింది. తరువాతి తరం తిరగేసి ఆలోచించింది. బయటి నుంచి ఎలక్ట్రాన్లను అటువంటి పదార్థం మీదికి కొట్టి, అవి ఎటు చెదురుతాయో చూస్తే, లోపలి ప్రోటాన్ స్పిన్ ఎక్కడి నుంచి వస్తోందో తెలుస్తుంది కదా! అలా కొట్టించుకునే పదార్థమే ధ్రువణం చెందిన ఘన టార్గెట్.

దాని తయారీలో చిక్కు చూడండి. ప్రోటాన్ చాలా బలహీనమైన అయస్కాంతం. ఒక కెల్విన్ చలిలో, 25,000 గాస్‌ల క్షేత్రంలో పెట్టినా వెయ్యి ప్రోటాన్లలో 501 ఒక వైపు, 499 ఇంకో వైపు చూస్తాయి. ఇంత కష్టపడీ తేడా రెండే! అదే చోట ఎలక్ట్రాన్లయితే వెయ్యిలో 960కి పైగా ఒకే వైపు నిలుస్తాయి. దీన్ని ఆధారం చేసుకుని ఒక ఉపాయం పన్నారు. టార్గెట్‌లో అక్కడక్కడ జంట లేని ఎలక్ట్రాన్లు ఉండేలా చేసి, సరైన పౌనఃపున్యం గల మైక్రోవేవ్ తరంగాలు పంపితే, ఎలక్ట్రాన్ల క్రమశిక్షణ పక్కనున్న ప్రోటాన్లకూ అంటుతుంది. 1953లో ఓవర్‌హౌసర్ చెప్పిన ఆలోచన నుంచి ఇది పుట్టింది. అబ్రగామ్, జెఫ్రీస్ వంటివారు ఘనపదార్థాల్లో దాన్ని సాధించి చూపారు. 1960ల మొదట్లో ఫ్రాన్స్‌లోనూ, అమెరికాలోనూ ఇలాంటి టార్గెట్లు ప్రయోగాల్లోకి దిగాయి. 1970లలో స్టాన్‌ఫర్డ్ యాక్సిలరేటర్‌లో ధ్రువణం చెందిన ఎలక్ట్రాన్లను గడ్డకట్టిన బ్యూటనాల్ టార్గెట్ మీదికి కొట్టారు. తరువాత గడ్డకట్టిన అమ్మోనియా వచ్చింది. ఎలక్ట్రాన్ల తాకిడికి టార్గెట్ వేడెక్కుతుంది, దెబ్బ తింటుంది, ధ్రువణం పడిపోతుంది. మధ్యమధ్యలో కొంచెం వేడి చేసి మళ్ళీ చల్లబరిస్తే అమ్మోనియా కోలుకుంటుంది.

1988లో యూరప్‌లోని సెర్న్‌లో ఎలక్ట్రాన్‌కు పెద్దన్న వంటి మ్యూయాన్‌తో ఇటువంటి టార్గెట్ మీదే కొలిచినప్పుడు, ప్రోటాన్ స్పిన్‌లో క్వార్కుల వాటా అనుకున్నదాని కంటే చాలా తక్కువని బయటపడింది. తరువాతి కొలతలు ఆ వాటా సుమారు మూడో వంతని చెబుతున్నాయి. మిగతా లెక్క ఇంకా తేలుస్తూనే ఉన్నారు.

జ్ఞానానంద ఈ టార్గెట్ల మీద పనిచేయలేదు. ఆయన తరం వేరు. కానీ ఈ ప్రయోగాల్లో ఏది చూసినా ఆయన జీవితమంతా పెనుగులాడిన మూడు సంగతులే కనబడతాయి: దారి తప్పకుండా నడిపించవలసిన ఎలక్ట్రాన్, దాన్ని చెదరగొట్టే ఘనపదార్థం, రెంటికీ చుట్టూ ఉండవలసిన శూన్యం. ద్రవ హీలియం నిలవాలన్నా దాని పాత్ర చుట్టూ శూన్యమే ఉండాలి. లేకపోతే బయటి వేడి లోపలికి జొరబడి క్షణాల్లో మరిగిస్తుంది.

మన పిల్లలకు

ఈ వ్యాసం చదివే విద్యార్థులకు ఒక చిన్న పట్టిక చెబుతాను. ముప్పై ఒకటో ఏట విదేశం. ఫిజిక్స్ ఓనమాలు ఆ తరువాతే. నలభయ్యో ఏట మొదటి డాక్టరేటు, ఆ తరువాత రెండోది. యాభై ఒకటో ఏట పుస్తకం. అరవైకి దగ్గరపడ్డాక సొంత శాఖ. ప్రవేశ పరీక్ష ర్యాంకుతో పదిహేడేళ్ళకే జీవితం తేలిపోయిందని కుంగిపోయే పిల్లలు మన ఊళ్ళో ఏటా కనబడుతున్నారు. ర్యాంకు ముఖ్యమే, కాదనను. కానీ చదువుకు వయసు దాటడం అనేది ఉంటే ఈ స్వామి పేరున ప్రయోగశాల ఉండేది కాదు.

తల్లిదండ్రులకూ ఒక మాట. భక్తి ఉన్న ఇల్లు, సైన్సు చదివే పిల్లలు రెండూ ఉన్న ఊరు మనది. ఆ రెంటికీ తగవు పెట్టనక్కరలేదు, రెంటినీ కలిపి కలగూరగంప చేయనూ అక్కరలేదు. జ్ఞానానంద ధ్యానాన్ని ధ్యానంగా చేశారు, కొలతను కొలతగా చేశారు. గేజిలో అంకె దిగకపోతే లీకు వెతికారు.

చివరగా సంఘం పెద్దలకు ఒక మనవి. స్వర్ణోత్సవ నిధిలో కొంత మన బడి సైన్సు గదికి కేటాయించండి. ఒక చేతి వాక్యూమ్ పంపు, ఒక గాజు మూత, లోపల పెట్టే చిన్న ఎలక్ట్రిక్ గంట కొంటే చాలు, పెద్ద ఖర్చేమీ కాదు. పంపు కొట్టేకొద్దీ గంట ఆడుతూనే ఉన్నా చప్పుడు మెల్లగా తగ్గిపోవడం పదో తరగతి దాటే ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ తమ చెవులతో వినాలి. దాని పక్కన గోడ మీద స్వామి జ్ఞానానంద ఫోటో ఒకటి, కింద ఆయన పుట్టిన ఊరి పేరు రాసి పెడదాం. ఆ ఫోటో ఖర్చు నాది.